"ఫోన్ ఎత్తకపోతే ప్రాణం పోయినంత పనవుతోంది": అమెరికా కాల్పులపై అమ్మానాన్నల ప్రశ్నలు, జవాబులు

మామూలుగా ఈ పేజీకి వీసా స్టాంపింగ్, ఫీజులు, ఓపీటీ (చదువయ్యాక ఉద్యోగానికి ఇచ్చే అనుమతి) గురించి ఉత్తరాలు వస్తుంటాయి. కొన్నాళ్లుగా వస్తున్నవి వేరు. 2025 ఏప్రిల్‌లో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో కాల్పులు జరిగాక మొదలయ్యాయి. అదే ఏడాది అక్టోబరులో హైదరాబాద్ నుంచి వెళ్లిన కుర్రాడు టెక్సాస్‌లో గ్యాస్ స్టేషన్ (పెట్రోల్ బంకు) డ్యూటీలో ఉండగా తూటాకు బలయ్యాడు, అప్పటి నుంచి ఇంకా పెరిగాయి. అన్నీ వేయలేం కాబట్టి కొన్నిటిని ఎంచాను, రాసినవాళ్ల పేర్లు తీసేశాను. నేనుండేది అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో. 2017 నుంచి ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల క్లాసుల్లోకి కూడా తుపాకీ దాచుకుని వెళ్లడానికి చట్టం చాలావరకు ఒప్పుకుంటుంది, అలాంటి క్లాసుల్లోనే మా అమ్మాయి చదువుతోంది. కాబట్టి మీ భయం నాకూ ఉంది.

ప్రశ్న: మా బాబు ఫ్లోరిడాలో ఎంఎస్ చేస్తున్నాడు. యూనివర్సిటీలో కాల్పులని ఆ రాత్రి టీవీలో స్క్రోలింగ్ వచ్చింది, ఏ యూనివర్సిటీయో తెలిసేలోపే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఫోన్ చేస్తే ఎత్తడు. చేశాను, చేశాను, చేస్తూనే ఉన్నాను. చివరికి వాడు ఉన్నది వేరే ఊరు, నిద్రపోతున్నాడంతే. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. మా ఆయనేమో ఊరికే టెన్షన్ పడతావు అని విసుక్కుంటారు. నిజంగా అలాంటిది జరిగితే నేనేం చెయ్యాలి? – ఒక తల్లి, కరీంనగర్

జవాబు: మీది ఊరికే పడే టెన్షన్ కాదమ్మా. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో మధ్యాహ్నం పన్నెండు కావస్తుండగా కాల్పులు మొదలయ్యాయి, అంటే ఇండియాలో రాత్రి తొమ్మిదింపావు దాటింది, భోజనాలు ముగించి టీవీ ముందు కూర్చునే వేళ. ఇద్దరు చనిపోయారు, ఆరుగురు గాయపడ్డారు. ఇలాంటి వార్త చూస్తూ కొడుక్కి ఫోన్ చేయకుండా ఏ తల్లీ ఉండలేదు. 2007 ఏప్రిల్ 16న వర్జీనియా టెక్ యూనివర్సిటీలో ఒక విద్యార్థి 32 మందిని చంపేశాడు. ఆ రోజు అక్కడి నోరిస్ హాల్ అనే క్లాసుల భవనంలోకి వెళ్లిన సిబ్బంది తర్వాత చెప్పిన మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. చనిపోయిన పిల్లల దగ్గర సెల్‌ఫోన్లు మోగుతూనే ఉన్నాయట, ఆగిపోవడం, మళ్లీ మోగడం. అవతల ఉన్నది ఎవరో అమ్మ, ఎవరో నాన్న. ఆ భవనంలోనే 206 నంబరు గదిలో హైడ్రాలజీ పాఠం చెబుతున్న ప్రొఫెసర్ జి.వి. లోగనాథన్ ఉన్నారు, తమిళనాడు గోబిచెట్టిపాళయం నుంచి వెళ్లినాయన. క్లాసులోని తొమ్మిది మంది పిల్లలతో పాటు ఆయనా చనిపోయారు.

ఇక ఏం చెయ్యాలన్నది. వినడానికి కష్టంగా ఉంటుంది, కానీ అలాంటి సమయంలో ఫోన్ చేయకండి, మెసేజ్ పెట్టండి. అక్కడ పిల్లలకు నేర్పేది మూడు మాటలు. వీలుంటే పరుగెత్తి బయటపడు, వీల్లేకపోతే తలుపేసుకుని దాక్కో, వేరే దారే లేకపోతే చేతికి దొరికిన దాంతో తిరగబడు. దాక్కున్నవాళ్లను ఫోన్ సైలెంట్‌లో పెట్టుకోమంటారు, ఎందుకంటే తలుపు అవతల నిలబడినవాడికి రింగ్ వినపడుతుంది. కాబట్టి ఫోన్ ఎత్తలేదంటే చెడు జరిగిందనే అర్థం కాదు, చెప్పినట్టు జాగ్రత్తగా ఉన్నాడని కూడా కావచ్చు. మీ అబ్బాయితో ఈ ఆదివారమే కూర్చుని ఒక మాట అనుకోండి. చుట్టుపక్కల ఏం జరిగినా వాడు ముందు "సేఫ్" అని ఒక్క మాట మీకు పంపాలి, వివరాలు తర్వాత. రూమ్మేట్లు ఇద్దరివి, డిపార్ట్‌మెంట్‌లో ఒక స్నేహితుడిది, ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ ఆఫీసుది నంబర్లు తీసుకుని కాగితం మీద రాసి గోడకు అంటించండి. ఫోన్‌లో మాత్రమే ఉంటే ఆ కంగారులో దొరకవు. వాట్సాప్ గ్రూపులు, టీవీ స్క్రోలింగులు నమ్మకండి. మొదటి గంటలో వచ్చే మృతుల సంఖ్య, "రెండో షూటర్" కబుర్లు చాలాసార్లు తప్పని తేలుతుంటాయి. యూనివర్సిటీ సొంత అలర్ట్ పేజీ చూడండి, అక్కడి పోలీసులు చెప్పేది చూడండి.

మీ ఆయన సంగతి. చాలా ఇళ్లలో నాన్నలు ఇలాగే విసుక్కుంటారు, లోపల వాళ్లకూ గుండె దడదడలాడుతూనే ఉంటుంది. ఆ నంబర్ల కాగితం రాసే పని ఆయనకు అప్పజెప్పండి.

ప్రశ్న: రిటైర్డ్ హెడ్మాస్టర్ని. మన దగ్గర తుపాకీ లైసెన్సు కావాలంటే పోలీసు ఎంక్వైరీ, పైఅధికారుల సంతకాలు, సవాలక్ష ఉంటాయి. అక్కడ పద్దెనిమిదేళ్ల కుర్రాడు షాపుకెళ్లి రైఫిల్ కొనుక్కొస్తాడట. ఇన్నేళ్లుగా ఇంతమంది పిల్లలు పోతుంటే అంత పెద్ద దేశం చేతులు ముడుచుకుని కూర్చుందా? వాళ్లకు మాత్రం పిల్లలు లేరా? నా మనవరాలు అక్కడే చదువుతోంది. కోపంతో రాస్తున్నాను, క్షమించండి. – తెనాలి

జవాబు: మాస్టారూ, క్షమాపణ ఎందుకు, ఈ కోపం రాకపోతేనే తప్పు. మీరన్నది నిజమే. లైసెన్సు ఉన్న షాపు నుంచి పిస్టల్ కొనాలంటే 21 ఏళ్లు నిండాలి గానీ రైఫిల్‌కు ఫెడరల్ చట్టం (దేశమంతటికీ వర్తించేది) ప్రకారం 18 చాలు. ఒక వ్యక్తి ఇంకో వ్యక్తికి అమ్ముకుంటే బ్యాక్‌గ్రౌండ్ చెక్, అంటే కొనేవాడి పాత రికార్డుల తనిఖీ, చేసి తీరాలని ఫెడరల్ చట్టంలో లేనే లేదు, కొన్ని రాష్ట్రాలు మాత్రం సొంతంగా పెట్టుకున్నాయి. 2018లో స్మాల్ ఆర్మ్స్ సర్వే అనే సంస్థ వేసిన అంచనా ప్రకారం ఆ దేశంలో జనం చేతుల్లో ఉన్న తుపాకులు 39 కోట్ల 30 లక్షలు, అంటే మనుషుల కంటే ఎక్కువ. 2022లో తుపాకీ వల్ల పోయిన ప్రాణాలు 48 వేలకు పైనే, అందులో సగానికి పైగా ఆత్మహత్యలు. తుపాకీ హక్కు ఇచ్చే 1791 నాటి రాజ్యాంగ రెండో సవరణ ఒక అడ్డం, సెనేట్‌లో 60 ఓట్లు పడితే గానీ బిల్లు కదలకపోవడం ఇంకో అడ్డం. 2012 డిసెంబరులో శాండీ హుక్ బడిలో 20 మంది చిన్నపిల్లలను, ఆరుగురు పెద్దలను చంపేస్తే, నాలుగు నెలలు దాటగానే బ్యాక్‌గ్రౌండ్ చెక్ బిల్లు 54 ఓట్ల దగ్గర ఆగిపోయింది. చనిపోయిన పిల్లల తల్లిదండ్రులు గ్యాలరీలో కూర్చుని చూస్తుండగానే ఆగిపోయింది. మరోవైపు 2005లో తెచ్చిన చట్టం వల్ల తుపాకీ కంపెనీల మీద దావా వేసి గెలవడం దాదాపు అసాధ్యం.

కానీ "వాళ్లకు పిల్లలు లేరా" అన్నారే, ఉన్నారు మాస్టారూ. ఈ రోజు మీ మనవరాలిని కాపాడుతున్న నియమాల్లో చాలా వాటి వెనక బిడ్డను పోగొట్టుకున్న తల్లీతండ్రీ ఉన్నారు. 1986లో పెన్సిల్వేనియాలోని లీహై యూనివర్సిటీ హాస్టల్ గదిలో నిద్రపోతున్న జీన్ క్లెరీ అనే 19 ఏళ్ల అమ్మాయిని ఇంకో విద్యార్థి చంపేశాడు. అది తుపాకీ హత్య కాదు. బయటి తలుపులకు ఆటోమేటిక్ తాళాలున్నా ఎవరో అవి మూసుకోకుండా అడ్డం పెట్టి వదిలేశారు. క్యాంపస్‌లో అంతకుముందు ఎన్ని నేరాలు జరిగాయో యూనివర్సిటీ ఎవరికీ చెప్పలేదని ఆమె అమ్మానాన్నలకు తర్వాత తెలిసింది. వాళ్లు దావా వేశారు, వచ్చిన డబ్బుతో ఒక సంస్థ పెట్టి రాష్ట్రం రాష్ట్రం తిరిగారు. 1990లో చట్టం వచ్చింది. క్యాంపస్‌లో జరిగే నేరాల లెక్క ప్రతి యూనివర్సిటీ బయటపెట్టాల్సిందే, ముప్పు ఉంటే విద్యార్థులను హెచ్చరించాల్సిందే. దాన్ని ఇప్పుడు క్లెరీ యాక్ట్ అంటారు.

వర్జీనియా టెక్‌లో ఆ హెచ్చరికే ఆలస్యమైంది. పొద్దున ఏడుంపావుకు హాస్టల్లో ఇద్దరిని కాల్చేశారు, విద్యార్థులకు మొదటి ఈమెయిల్ వెళ్లింది 9:26కి, పది నిమిషాలు దాటగానే నోరిస్ హాల్‌లో మళ్లీ కాల్పులు. నా గుండె మండిపోయేది ఆ రెండు గంటల దగ్గర. పైగా ఆ కాల్పులు జరిపిన కుర్రాడికి మానసిక చికిత్స తీసుకోవాలని 2005లోనే న్యాయాధికారి ఆదేశించారు. ఆసుపత్రిలో చేర్చి చేసే చికిత్స కాదు కదా అని ఆ సంగతి బ్యాక్‌గ్రౌండ్ చెక్ లిస్టుకు ఎక్కలేదు. రెండు పిస్టళ్లూ దర్జాగా షాపులకెళ్లే తెచ్చుకున్నాడు. పిల్లలను పోగొట్టుకున్న రెండు కుటుంబాలు కోర్టుకెళ్తే 2012లో జ్యూరీ వాళ్ల పక్షాన తీర్పిచ్చింది, మరుసటి ఏడాది రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అయినా వదల్లేదు. లోరీ హాస్ అనే తల్లి ఉన్నారు, ఆవిడ కూతురు ఆ రోజు తూటా తగిలి బతికి బయటపడింది. ఆవిడా, ఇంకొందరు తల్లిదండ్రులూ ఏటా రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్ వెళ్లి శాసనసభ్యుల గుమ్మాల ముందు నిలబడ్డారు. చివరికి 2020లో వర్జీనియా బ్యాక్‌గ్రౌండ్ చెక్ చట్టాన్ని, ప్రమాదకరంగా ఉన్నవాడి దగ్గర నుంచి కోర్టు ఉత్తర్వుతో తుపాకీ తీసేసుకునే రెడ్ ఫ్లాగ్ చట్టాన్ని తెచ్చింది. పదమూడేళ్లు పట్టింది.

ఇంకొక్క తండ్రి గురించి చెప్పాలి. 2014 మేలో కాలిఫోర్నియాలోని ఐలా విస్టాలో, శాంటా బార్బరా యూనివర్సిటీని ఆనుకుని ఉన్న ఊరు అది, ఒకడు ఆరుగురు విద్యార్థులను చంపాడు. వాడి ప్రవర్తన చూసి వాడి తల్లే ముందు భయపడింది. ఆ సమాచారం మీద మూడు వారాల ముందు షెరీఫ్ (అక్కడి పోలీసు అధికారి) మనుషులు వాడి ఇంటికెళ్లారు, గుమ్మంలో నిలబడి మాట్లాడి వెళ్లిపోయారు. అప్పటికే గదిలో మూడు పిస్టళ్లున్నాయి. ఇరవై ఏళ్ల కొడుకును పోగొట్టుకున్న రిచర్డ్ మార్టినెజ్ మర్నాడే మైకుల ముందుకొచ్చి, ఇంకొక్క ప్రాణం కూడా పోకూడదని అరిచి అడిగాడు. నాయకులు ఫోన్ చేసి సానుభూతి చెబితే నాకొద్దు, పని చేయండి అన్నాడు. అదే మాటతో లక్షల పోస్టుకార్డులు నాయకులకు చేరాయి, కాలిఫోర్నియా ఆ ఏడాదే రెడ్ ఫ్లాగ్ చట్టం చేసింది. ఆ తర్వాత మార్టినెజ్ కాల్పులు జరిపినవాడి తండ్రిని కలిసి పక్కన కూర్చుని మాట్లాడాడు కూడా. అంత గుండె ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థం కాదు, నాకైతే ఉండేది కాదు.

ఇవన్నీ చాలవు, నిజమే. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో 2023 ఫిబ్రవరిలో ముగ్గురు విద్యార్థులు పోయారు, ఆ రాత్రి తలుపులకు బెంచీలు అడ్డం పెట్టుకుని కూర్చున్న పిల్లల్లో అంతకుముందు తమ బడిలో కాల్పులు చూసి బతికి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఇరవై ఏళ్లు నిండీ నిండకుండా రెండోసారి. అయినా అక్కడా ఏడాది తిరిగేసరికి కొత్త చట్టాలు అమల్లోకి వచ్చాయి. మీ మనవరాలు ఏ రాష్ట్రంలో ఉందో రాయలేదు, రాస్తే అక్కడి పరిస్థితి ఏమిటో చెబుతాను.

ప్రశ్న: మా అక్క కొడుకు అమెరికాలో ఒక గ్యాస్ స్టేషన్లో రాత్రి పనిచేస్తూ దొంగల కాల్పుల్లో చనిపోయాడు. చేతికి అందివచ్చిన కొడుకు. చదువు అప్పు ఇంకా అలాగే ఉంది. చుట్టాలు పరామర్శకు వచ్చి "అసలెవరు పంపమన్నారు, ఆ పని చెయ్యకూడదట కదా" అంటుంటే మా అక్క లోపలికి వెళ్లి తలుపేసుకుంటోంది. కేసు ఏమైందో తెలియదు. ఎవరిని అడగాలో తెలియదు. రూల్సు ప్రకారం చేసే పని కాదు కాబట్టి అడిగితే మనకే ఇబ్బంది అని ఇక్కడొకాయన భయపెట్టాడు. – మేనమామ, ఖమ్మం జిల్లా

జవాబు: తమ్ముడూ, మీ అక్కకు పడ్డ కడుపుకోతకు నా దగ్గర మందు లేదు. ఆ చుట్టాలతో మాత్రం ఈసారి గుమ్మంలోనే గట్టిగా చెప్పండి, చంపినవాడిని వదిలేసి చచ్చిపోయిన పిల్లాడిని తప్పుపట్టే మాటలు ఈ ఇంట్లో వద్దని. నలభై యాభై లక్షల అప్పుతో వెళ్లిన పిల్లలు అద్దె కోసం, తిండి కోసం ఆ కౌంటర్ వెనక నిలబడుతున్నారు. ఎఫ్-1 (స్టూడెంట్) వీసా మీద క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని, బయట అనుమతి లేకుండా చేయకూడదు. రూల్ అదే. కానీ రూల్ తప్పినవాడి ప్రాణానికి చట్టం ముందు విలువ తగ్గదు. హత్య హత్యే.

భయపెట్టినాయన మాట పట్టించుకోకండి. నేరానికి బలైనవాళ్ల కుటుంబాలకు సాయం చేసే ప్రభుత్వ నిధి అమెరికాలో ప్రతి రాష్ట్రంలోనూ ఉంది. అంత్యక్రియల ఖర్చు దాని నుంచి ఇస్తారు. చాలా రాష్ట్రాల్లో వీసా స్థితి అడగరు. దరఖాస్తుకు గడువు ఉంటుంది, ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా, కాబట్టి ఆలస్యం చేయకండి. కేసు విషయానికొస్తే ముందు పోలీసు రిపోర్టు నంబరు, డిటెక్టివ్ పేరు సంపాదించండి. నిందితుడు దొరికి కేసు కోర్టుకెళ్తే ఆ కౌంటీ ప్రాసిక్యూటర్ ఆఫీసులో "విక్టిమ్ అడ్వకేట్" అని ఒకరుంటారు, వాయిదా ఎప్పుడు, ఏం జరుగుతోంది అని కుటుంబానికి చెప్పడమే వాళ్ల ఉద్యోగం. శిక్ష వేసే ముందు కుటుంబం తన బాధను కోర్టుకు రాసి పంపవచ్చు, జడ్జి వింటారు. మీ అక్కతో తెలుగులోనే రాయించండి, అనువాదం చేసి ఇచ్చేవాళ్లు అక్కడ దొరుకుతారు. షాపు యజమాని మీద బాధ్యత ఉందా అన్నది అక్కడి లాయరు చూసి చెప్పాలి. గెలిస్తేనే ఫీజు తీసుకునే పద్ధతిలో చాలామంది పనిచేస్తారు, ముందు డబ్బు అడిగేవాళ్ల దగ్గరకు వెళ్లకండి.

ఇక్కడ మా వాళ్లను, అంటే అమెరికాలోని తెలుగువాళ్లను, ఒక మాట అనక తప్పదు. ఎవరైనా పిల్లాడు పోతే మనం చూపించే ప్రేమ తక్కువది కాదు. తానా టీమ్ స్క్వేర్ లాంటి బృందాలు అర్ధరాత్రి ఫోన్ ఎత్తుతాయి. పోస్ట్‌మార్టం అయ్యేదాకా ఎదురుచూసి, ఫ్యూనరల్ హోమ్‌తో మాట్లాడి, డెత్ సర్టిఫికెట్, ఎంబామింగ్ సర్టిఫికెట్, కాన్సులేట్ ఎన్ఓసీ, పాస్‌పోర్టు రద్దు అన్నీ చూసి పెట్టెను శంషాబాద్ విమానం ఎక్కిస్తాయి. విరాళాలు రెండు రోజుల్లో పోగవుతాయి. కానీ అక్కడితో ఆగిపోతున్నాం. 2007 డిసెంబరులో లూసియానా స్టేట్ యూనివర్సిటీ క్యాంపస్ అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు తెలుగు పీహెచ్‌డీ విద్యార్థులను కాల్చి చంపారు. 2018లో కాన్సస్ సిటీలో వరంగల్ అబ్బాయి, 2024లో షికాగో దగ్గర ఖమ్మం అబ్బాయి, ఒకరు రెస్టారెంట్లో, ఒకరు గ్యాస్ స్టేషన్లో. ప్రతిసారీ బాడీ పంపడం, కొవ్వొత్తులు వెలిగించడం, తర్వాత మర్చిపోవడం. క్లెరీ దంపతులు అడిగినట్టు, మార్టినెజ్ అడిగినట్టు మనం ఎవరినీ ఏమీ అడగలేదు.

అడగడానికి ఉంది కూడా. ఫ్లోరిడాలో గెయిన్స్‌విల్ అనే యూనివర్సిటీ ఊరు ఉంది. అర్ధరాత్రి షాపుల్లో దోపిడీలు పెరిగిపోతే 1986లో ఆ ఊరు ఒక ఆర్డినెన్స్ తెచ్చింది, రాత్రిపూట కౌంటర్లో ఇద్దరు ఉండాల్సిందేనని. తర్వాత ఫ్లోరిడా రాష్ట్రమే చట్టం చేసింది. కెమెరాలు, డబ్బు వేస్తే క్లర్కు కూడా తీయలేని డ్రాప్ సేఫ్, బయట లైట్లు ఉండాలి, ఒకసారి పెద్ద నేరం జరిగిన షాపులో రాత్రి పదకొండు నుంచి ఐదు వరకు ఇద్దరు పనివాళ్లు గానీ బుల్లెట్‌ప్రూఫ్ గది గానీ లేదా అలాంటి ఇంకో రక్షణ గానీ ఉండాలి. కార్మిక భద్రత చూసే ఓషా కూడా ఇలాంటి సూచనలు ఎప్పుడో రాసిపెట్టింది, పాటించి తీరాలని మాత్రం లేదు. ఆ షాపుల్లో చాలావాటి యజమానులు మన భారతీయులే. ఒక అద్దాల గది కట్టడానికి ఎంతవుతుంది? మహాసభల వేదిక మీద సన్మానం అందుకునే ప్రతి షాపు యజమానినీ ఈ ప్రశ్న అడగాలి, సంఘాలు ఇది తమ ఎజెండాలో మొదటి లైనుగా రాసుకోవాలి. మీ మేనల్లుడి వెనక ఆ రాత్రి ఇంకొక మనిషి ఉన్నాడా, ముందు అద్దం ఉందా? లాయరు దొరికాక మొదట ఇదే అడగమనండి.

ప్రశ్న: అక్కా, నేను టెక్సాస్‌లో చదువుతున్నాను. మా రూమ్మేట్, మన తెలుగబ్బాయే, హంటింగ్ లైసెన్సు తీసుకుని తుపాకీ కొన్నాడు. సేఫ్టీ కోసం అంటాడు. వీడియో కాల్స్‌లో పట్టుకుని చూపిస్తుంటాడు. ఇంట్లో చెప్తే భయపడతారని చెప్పలేదు. ఏం చెయ్యాలి? – ఒక విద్యార్థి

జవాబు: ఆ గది మారిపో నాన్నా, ఈ నెలలోనే. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ ఉంచుకోకూడదన్నది ఫెడరల్ చట్టం, వేట లైసెన్సు ఉంటే మినహాయింపు. ఆ సందు పట్టుకుని మనవాళ్లు కొందరు కొంటున్నారు. 2024లో అట్లాంటాలో ఉప్పల్ నుంచి వచ్చిన కుర్రాడు పుట్టినరోజు నాడు, కొత్తగా కొన్న వేట తుపాకీ శుభ్రం చేస్తుంటే పేలి చనిపోయాడు. పక్క గదిలో స్నేహితులున్నారు. తుపాకీ ఉన్న ఇంట్లో ప్రమాదం, ఆత్మహత్య రెండిటి ముప్పూ పెరుగుతాయని ఏళ్ల తరబడి పరిశోధనలు చెబుతున్నాయి. రాత్రి పూట దొంగను తరిమే అవకాశం సినిమాలో ఉన్నంత సులువుగా నిజంలో రాదు. వెళ్లేలోపు అతనితో ఒకసారి నిమ్మళంగా మాట్లాడు. తూటాలు తీసేసి, తాళం వేసి, తాళంచెవి, తూటాలు వేరే చోట పెట్టమను. లైసెన్సు గడువు తీరితే వాడు నేరస్థుడవుతాడని, వీసా కూడా పోవచ్చని చెప్పు.

ఇంకొకటి గమనించు. ఈ మధ్య అతను ఎవరితోనూ కలవకపోవడం, నిద్రపోకపోవడం, బతకడం దండగ లాంటి మాటలు అనడం ఉందా? ఉంటే ఇది మొహమాటపడే విషయం కాదు. 988 అనే ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ నంబరుకు ఎవరైనా చేయవచ్చు, స్నేహితుడి కోసం కూడా, వీసా అడగరు. యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌కు కూడా చెప్పు. రెడ్ ఫ్లాగ్ చట్టాలు 20కి పైగా రాష్ట్రాల్లో ఉన్నాయి గానీ టెక్సాస్‌లో లేదు, అందుకే మనిషి చొరవే ముఖ్యం. ఇంట్లో కూడా చెప్పెయ్. వాళ్లు భయపడతారు, నిజమే, కానీ తర్వాత తెలిసేదానికంటే ఇప్పుడు నీ నోటితో తెలియడం నయం.

ప్రశ్న: మా అమ్మాయికి మూడు యూనివర్సిటీల నుంచి అడ్మిషన్ వచ్చింది. ఏది సేఫో ఎలా తెలుసుకోవాలి? కన్సల్టెన్సీవాళ్లు అన్నీ సేఫే అంటున్నారు. అసలు ఈ పరిస్థితుల్లో పంపాలా అని కూడా ఆలోచిస్తున్నాం. – తండ్రి, రాజమహేంద్రవరం

జవాబు: కన్సల్టెన్సీవాళ్లకు కమీషన్ కావాలి, వాళ్లను అడగకండి. యూనివర్సిటీ పేరు పక్కన "యాన్యువల్ సెక్యూరిటీ రిపోర్ట్" అని వెతకండి. క్లెరీ యాక్ట్ ప్రకారం ఏటా అక్టోబరు 1 లోపు బయటపెట్టాలి, మూడేళ్ల లెక్కలు ఉంటాయి. హత్యలు, దోపిడీలు, లైంగిక దాడులు విడివిడిగా ఇస్తారు. కానీ ఒక మెలిక ఉంది. ఆ లెక్కలు క్యాంపస్‌వి, దాన్ని ఆనుకుని ఉన్న రోడ్లవి. మూడు మైళ్ల అవతల తక్కువ అద్దెకు దొరికే అపార్ట్‌మెంటు, అర్ధరాత్రి పనిచేసే షాపు అందులోకి రావు, మన పిల్లలకు ఎక్కువగా ప్రమాదం ఎదురవుతున్నదేమో అక్కడే. కాబట్టి ఆ ఊరి పోలీసుల క్రైమ్ మ్యాప్ కూడా చూడండి, ఇల్లు వెతికే ముందే చూడండి. ఆ రాష్ట్రంలో క్యాంపస్‌లోకి తుపాకీ తీసుకెళ్లడానికి అనుమతి ఉందా అన్నది కూడా తెలుసుకోండి. టెక్సాస్‌లో 2016 ఆగస్టు 1 నుంచి ఉంది. 1966లో సరిగ్గా అదే తేదీన ఆస్టిన్ యూనివర్సిటీ టవర్ ఎక్కి ఒకడు జనాన్ని కాల్చాడు, సరిగ్గా యాభై ఏళ్ల తర్వాత ఆ రోజే ఆ చట్టం అమల్లోకి రావడం అక్కడి తల్లిదండ్రులను ఎంత బాధపెట్టిందో ఊహించండి.

పంపాలా వద్దా అన్నది మీ ఇంటి నిర్ణయం. నన్నడిగితే, క్యాంపస్ లోపల జరిగే హత్యలు ఆ దేశపు మొత్తం హత్యల్లో చాలా చిన్న భాగం. ఆ భయంతో చదువు మానిపించక్కర్లేదు. రాత్రి ఒంటరిగా కౌంటర్లో నిలబడాల్సిన అవసరం రాకుండా ఖర్చులకు సరిపడా డబ్బు ఏర్పాటు చేయగలరా, లేదా? దాని మీద నిర్ణయించుకోండి. చేయలేకపోతే ఒక ఏడాది ఆగడంలో తప్పు లేదు.

వెళ్లే ముందు అమ్మాయితో రెండు కాగితాల గురించి మాట్లాడండి. పద్దెనిమిది దాటాక ఆమె రికార్డుల సంగతి ఆమె అనుమతి లేకుండా యూనివర్సిటీ మీకు చెప్పదు, అత్యవసర పరిస్థితుల్లో మాత్రం చెప్పవచ్చు. ఫెర్పా అంటారు ఆ చట్టాన్ని. తల్లిదండ్రులకు సమాచారం ఇవ్వవచ్చని ఆమె ఫారం మీద సంతకం చేస్తే సరిపోతుంది. రెండోది మెడికల్ పవర్ ఆఫ్ అటార్నీ, ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉంటే నిర్ణయం ఎవరు తీసుకోవాలో రాసి పెట్టేది. అక్కడే ఉన్న బంధువునో, నమ్మకమైన స్నేహితురాలినో పెట్టమనండి, మీరు వీసా తీసుకుని వెళ్లేసరికి రోజులు పట్టవచ్చు. ఆ కాగితం అమ్మాయి అడగకపోయినా మీరే గుర్తు చేసి పూర్తి చేయించండి.

ప్రశ్న: యూనివర్సిటీ ఎమర్జెన్సీ అలర్టులు మా ఇండియా ఫోన్లకు వస్తాయా? – హనుమకొండ

జవాబు: విదేశీ నంబర్లకు ఎస్ఎంఎస్ చాలాచోట్ల రాదు. కానీ అనేక యూనివర్సిటీల్లో విద్యార్థి తన అలర్ట్ ఖాతాలో అదనంగా ఇంకో ఈమెయిల్ చేర్చుకోవచ్చు, అందులో మీది పెట్టించండి, ఫోన్‌లో ఆ ఈమెయిల్ నోటిఫికేషన్ ఆన్‌లో ఉంచండి. కొన్నిచోట్ల తల్లిదండ్రులు కూడా పెట్టుకోగలిగే సేఫ్టీ యాప్ ఉంటుంది. ఏడాదిలో ఒకటి రెండుసార్లు టెస్ట్ అలర్ట్ పంపుతారు, సబ్జెక్టులో టెస్ట్ అని ఉంటుంది, ముందు అది చదవండి.